పదిహేనణాల మైలు

సిద్దిపేట చుట్టుపక్కల మల్లేశం కొలిచిన పొలానికి మళ్లీ కొలత పెట్టించిన రైతు లేడు. అన్నదమ్ములు గట్టు మీద గొడ్డళ్లు పట్టుకుని నిలబడ్డా, సర్వేయర్ మల్లేశం గొలుసు పరిచాడంటే వాటిని కింద పెట్టేసేవాళ్లు. ఆయన మాటకారి అని కాదు, అసలు మాట్లాడితే కదా. "గొలుసు మాట్లాడుతది, నేను మోస్త గంతే" అనేవాడు. ఇంత అణకువగా చెప్పే మనిషిలో ఎంత పొగరు ఉంటుందో ఆయన భార్య విజయమ్మను అడగాలి.

రిటైరైన రోజు ఆఫీసు వాళ్లు శాలువా కప్పి, దండ వేసి, జ్ఞాపకంగా ఒక పాత గొలుసు చేతిలో పెట్టారు. ముప్పై మూడు అడుగుల ఇనుప గొలుసు అది. పదహారు కడ్డీలు ఒకదానికొకటి తగిలించి ఉంటాయి, ఒక్కో కడ్డీని అణా అంటారు. నిలువు ఒక గొలుసు, అడ్డం ఒక గొలుసు అయితే గుంట భూమి. నూట అరవై గొలుసులైతే మైలు. లోకమంతా కిలోమీటర్లకు మారిపోయి ఎన్నేళ్లయినా మల్లేశం మాత్రం మైలును వదల్లేదు, ఎందుకంటే ఆ గొలుసుతో కిలోమీటరు లెక్క సాఫీగా తెగదు. తెగని లెక్క ఆయనకు పంటిలో ఇరుక్కున్న పీచులా బాధ పెడుతుంది.

ఊరికే కూర్చోలేక, రిటైరైన వారంలోనే ఆ గొలుసుతో కోమటిచెరువు చుట్టూ నడిచే దారిని కొలిచాడు. రెండో కొస పట్టుకున్నది ఆఫీసులో ఆయన దగ్గర పనిచేసిన చిరంజీవి. చుట్టు పూర్తయ్యేసరికి సరిగ్గా రెండు వందల నలభై గొలుసులు. అంటే మైలున్నర. ఆ సాయంత్రమే ఒక నోటుబుక్కు కొని తారీఖు, చుట్లు, మైళ్లు అని గడులు గీశాడు. అప్పటి నుంచి ఏడాదికొక పుస్తకం, మొత్తం పదకొండు పుస్తకాలు. ఏ ఏడూ వెయ్యి మైళ్లకు తగ్గలేదు. చెరువు దగ్గర నడిచేవాళ్లందరూ ఆయన్ను చూసి పుస్తకాలు పెట్టారు, అందరికీ ఆయన కొలతే కొలత. ఎవరైనా కుర్రవాళ్లు తమ ఫోనులో చుట్టు కొంచెం తక్కువ చూపిస్తోందని అంటే ఆయన చిన్నగా నవ్వేవాడు.

"నీ ఫోను ఆకాశంల చూసి చెప్తది బిడ్డా. నేను నేల మీద పెట్టి చెప్పిన."

అలా పుస్తకం పెట్టినవాళ్లలో జగదీశ్వర్ ఒకడు. పాత బజారులో కిరాణా దుకాణం, మల్లేశం సేటు అని పిలిచే ముప్పై ఏళ్ల స్నేహితుడు. రెండేళ్ల కిందట ఆయన గుండెకు రెండు స్టెంట్లు వేశారు. దవాఖాన నుంచి ఇంటికొచ్చాక ఏడాదిపాటు మంచానికీ కుర్చీకీ మధ్యే తిరిగాడు. భార్య భారతమ్మ ఆయన్ను విడిచి గడప దాటలేదు. మర్కూక్‌లో ఆమె చెల్లెలు ప్రమీలాదేవి కొత్త ఇల్లు కట్టుకుంది, గృహప్రవేశానికి కూడా భారతమ్మ పోలేదు. రాత్రుళ్లు భర్త ఊపిరి వింటూ కూర్చునేది. ఆమె కళ్ల కింద నలుపు చూసి జగదీశ్వర్‌కు తన గుండె కన్నా ఎక్కువ బాధ కలిగింది. పోయిన జనవరి ఒకటిన మల్లేశం బలవంతం మీద చెరువుకట్ట ఎక్కి, వంద అడుగులు వేసి ఆయాసపడి కూర్చుని, ఇంటికెళ్లి భార్యకు మాటిచ్చాడు. ఈ ఏడాదిలో వెయ్యి మైళ్లు నడుస్తాను, నడిచిన రోజు నువ్వు నిశ్చింతగా మర్కూక్ పోయి పది రోజులు ఉండి రా అని.

వంద అడుగుల మనిషి వేసవికల్లా రెండు చుట్లకు వచ్చాడు. డిసెంబరు ఇరవై ఏడు నాటికి ఆయన పుస్తకంలో తొమ్మిది వందల తొంభై మైళ్లు. ఆయన కొడుకు సాయిప్రసాద్ ముప్పై ఒకటో తారీఖున చెరువు దగ్గర సన్మానం పెట్టేశాడు. ఫ్లెక్సీ కూడా కొట్టించాడు. "వెయ్యి మైళ్ల ధీరుడు మా నాన్నగారికి శుభాకాంక్షలు" అని ఉన్న ఆ ఫ్లెక్సీలో ధీరుడి ఫోటో కన్నా కొడుకు ఫోటో పెద్దది. మూలకు "కొలత: సర్వేయర్ మల్లేశం గారు" అని కూడా వేయించాడు.

"అంకుల్, ఆ రోజు మీ గొలుసు గూడ తీస్కరండి. స్టేజీ మీద పెడ్దాం" అన్నాడు.

ఆ మాట మీదే మల్లేశం మధ్యాహ్నం గొలుసు దించి, చింతపండు, బట్టపేలిక పట్టుకుని వాకిట్లో కూర్చున్నాడు. ఏటా దసరా నాడు ఆయుధపూజలో ఆ గొలుసును చుట్ట చుట్టి పీట మీద పెట్టి పసుపు కుంకుమ వేస్తాడు, అలాగే ఎత్తి పైన పెట్టేస్తాడు. పదకొండు దసరాల కుంకుమ దాని మీద అట్ట కట్టి ఉంది. ఒక్కో కడ్డీ రుద్దుకుంటూ వచ్చాడు. ఒక చోట కుంకుమ ఊడి కింద ఇనుప తీగ ముడి బయటపడింది. కడ్డీలు లెక్కపెట్టాడు. పదిహేను. మళ్లీ అటు నుంచి లెక్కపెట్టాడు. అటు నుంచి కూడా పదిహేనే.

అప్పుడు గుర్తుకొచ్చింది. ఉద్యోగం చివరి సంవత్సరంలో ఒక రాళ్ల చేనులో కడ్డీ విరిగితే, చిరంజీవి దాన్ని తీసేసి రెండు కొసలూ తీగతో కట్టాడు. పనికి రాదని ఆ గొలుసును రద్దు చేసి కొత్తది తెప్పించారు. రద్దు కాగితం మీద సంతకం తనదే. రద్దయిన ఆ గొలుసే పూలదండతో పాటు తన చేతికి వచ్చింది. చెరువు కొలిచిన రోజు ముడిని తానూ చూడలేదు, చిరంజీవీ గుర్తుపట్టలేదు. పొలాలన్నీ మంచి గొలుసుతోనే కొలిచాడు, అంతవరకు దేవుడు చల్లగా చూశాడు. చెరువు ఒక్కటే కుంటిదానితో కొలిచాడు. రెండు వందల నలభై అనుకున్నది నిజానికి రెండు వందల ఇరవై అయిదు గొలుసులే. మైలున్నర కాదు.

పుస్తకాలు ముందేసుకుని, పదహారు మైళ్లకు ఒకటి చొప్పున కొట్టేసుకుంటూ పోయాడు. పదకొండేళ్ల వెయ్యి మైళ్లలో ఒక్క ఏడాదిది మాత్రమే బతికి బట్టకట్టింది. మిగతా పదీ వెయ్యి లోపలికి పడిపోయాయి. కళ్లు చెమ్మగిల్లాయి, సిగ్గుగా కూడా అనిపించింది. ఆ తర్వాత జగదీశ్వర్ గుర్తొచ్చి, సిగ్గు పోయి భయం పట్టుకుంది.

విజయమ్మ అంతా విని నడుం మీద చేతులు పెట్టుకుంది.

"పదకొండు దసరాలు కుంకుమ పెట్టినవ్. ఒక్కనాడన్న ఇప్పి సూసినవా? దాన్ని గొలుసనుకున్నవా, దేవుడనుకున్నవా?"

"నా సంగతి ఇడువు. సేటు సంగతేంది? ఆయన లెక్క అరవై మైళ్లు కిందికి పడ్తది. చెప్తే ఊకుంటడా? ఎట్లన్న పూర్తి చేస్తనని ఉరుకుతడు. ఆ గుండెతోని."

"చెప్పకు మరి."

"చెప్పకుంటే ఆయన ఫ్లెక్సీ మీద నా పేరున్నదే! కొలత మల్లేశం అని."

విజయమ్మ నడుం మీది చేతులు దించింది. "చెప్తే ఆయన గుండె, చెప్పకుంటే నీ గుండె. నువ్వు ఎట్లనో చెప్పకుండ ఉండలేవు. కట్ట మీద చెప్పకు, ఇంటికి పోయి భారతమ్మ ముంగట చెప్పు."

మరుసటి రోజు పొద్దున చెరువు దగ్గర జగదీశ్వర్ ఈల వేసుకుంటూ నడిచాడు. ఫ్లెక్సీ గేటు దగ్గర కట్టేశారు. దాని కింద నుంచి వెళ్లినప్పుడల్లా ఆయన తల పైకెత్తి చూసుకున్నాడు, మల్లేశం తల దించుకున్నాడు. రెండు చుట్లు పూర్తయ్యాక "తొమ్మిది వందల తొంభై మూడు!" అన్నాడు జగదీశ్వర్. ఏదో చెప్పబోయి మల్లేశం దగ్గాడు. ఆ దగ్గుకు జగదీశ్వర్ జేబులోంచి మిరియాలు తీసిచ్చాడు. తప్పు చేసినవాడికి మిరియాలు కూడా గొంతు దిగవు.

మధ్యాహ్నం దుకాణం మూసి భోజనానికి వచ్చే వేళ చూసుకుని మల్లేశం వాళ్లింటికి వెళ్లాడు. గొలుసును సంచిలో వేసుకుని మరీ వెళ్లాడు. భారతమ్మ మజ్జిగ ఇచ్చింది. ఆయన గ్లాసు ముట్టకుండా గొలుసును బండల మీద పరిచి, తీగ ముడి మీద వేలు పెట్టి, ఉన్నది ఉన్నట్టు చెప్పేశాడు. దాచుకోలేదు, తన తప్పు తగ్గించుకోలేదు.

జగదీశ్వర్ అన్నం ముద్ద కంచంలోనే వదిలేశాడు.

"అయితే నేను నడిచింది ఎంత?"

"తొమ్మిది వందల ముప్పై. ఇంకొంచెం."

"డెబ్బై తక్వ."

"తక్వనే, సేటు. తప్పు నాది. నడిచిన కాళ్లది గాదు."

"నలభై ఏండ్లు తరాజు పట్టిన మల్లేశం. కిలోకు పిడికెడు కొసరేసిన గాని, ఒక్కనికి తక్వ తూచలే. ఇంటామెకు డెబ్బై మైళ్లు తక్వ తూస్తనా?" ఆయన లేచి చేయి కడుక్కుని క్యాలెండరు ముందు నిలబడ్డాడు. "మూడు రోజులున్నయి. రోజుకు ఇరవై మూడు మైళ్లు. పొద్దున ఎనిమిది, పగటీలి ఎనిమిది, పొద్దుగూకి ఏడు. నడుస్త."

మల్లేశం ఏ మాటకు భయపడి ఒక రాత్రంతా దొర్లాడో ఆ మాటే వచ్చింది. "పిచ్చి లేసిందా నీకు? ఉన్న మనిషివి ఉండవు!" అని అరిచాడు. ఆయన ఎవరి మీదా అరవడం ఆ ఇంట్లో ఎవరూ చూడలేదు. జగదీశ్వర్ వినలేదు. చెప్పుల కోసం వెతకడం మొదలుపెట్టాడు.

అప్పటిదాకా గోడకు ఆనుకుని నిలబడ్డ భారతమ్మ ఆ చెప్పులు తీసి తన వెనకాల పెట్టుకుంది.

"వెయ్యి ఎవరికోసం నడుస్తున్రు మీరు?"

"నీకోసమే గదా. నీ భయం పోవాలనే గదా."

"నా భయం పోయి మూడు నెలలైంది."

జగదీశ్వర్ బిత్తరపోయి చూశాడు.

"బతుకమ్మ పండుగకు ఆడి ఆడి వచ్చి పండుకున్న, తెల్లారే లేసిన. ఆ దినం నుంచి మంచిగనే నిద్ర పడుతుంది నాకు" అంది భారతమ్మ. తర్వాత మల్లేశం వైపు తిరిగింది. "లేసేది ఈయన, అన్నా. రోజు నడిజామున లేసి కూసొని, నాడి పట్టుకొని లెక్క పెట్టుకుంటడు. డెబ్బై రెండు, డెబ్బై నాలుగు అనుకుంట. నేను కండ్లు మూసుకొని ఇంటుంట. భయం ఈయనకున్నది. నా పేరు పెట్టుకొని నడుస్తుండు."

"మరి నువ్వు మర్కూక్ ఎందుకు పోలేదు చెల్లే?" అని అడిగాడు మల్లేశం.

"నేను పోతే ఈయన ఎవరికోసం నడుస్తడు? ఆమె కోసం అనుకుంటేనే కాళ్లు కదులుతున్నయి. నాకోసం అక్కెర లేదంటే మళ్ల కుర్చీల కూసుంటడేమో అని నోరు మూసుకున్న. చెల్లె రోజు ఫోన్ చేసి తిడుతుంది, ఇల్లు పాతదైనంక వస్తవా అని." భారతమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుని, వెంటనే గట్టిగా అంది. "గిప్పుడు ఇరవై మూడు మైళ్లు అంటున్రు. నాకోసం నడిచి మీకేమన్న అయితే ఆ పాపం నేను మొయ్య. రేపే మర్కూక్ పోత. నేను పోయినంక ఇగ వెయ్యితోని పనేముంది?"

"ఒక్కన్ని ఎట్ల ఉండాలె?" అన్నాడు జగదీశ్వర్. అరవై నాలుగేళ్ల మనిషి, మూడేళ్ల పిల్లవాడిలా అన్నాడు.

"పైన కొడుకు లేడా? రెండు వీధులవతల అన్న లేడా? తొమ్మిది వందల ముప్పై మైళ్లు నడిచినోనికి పది దినాలు ఇంట్ల ఉండనీకి భయమైతదా?"

జగదీశ్వర్ మెల్లగా వచ్చి పీట మీద కూర్చుని, వదిలేసిన అన్నం ముద్ద మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు. మల్లేశం కూడా మజ్జిగ తాగాడు.

ఇరవై తొమ్మిది పొద్దున భారతమ్మ గజ్వేల్ బస్సు ఎక్కింది, అక్కడి నుంచి మర్కూక్‌కు ఇంకో బస్సు. ఆధార్ కార్డు చేతిలో, అప్పచ్చుల డబ్బా ఒళ్లో. స్నేహితులిద్దరూ బస్టాండుకు వచ్చారు. బస్సు కదిలే ముందు ఆమె కిటికీలోంచి మల్లేశాన్ని పిలిచి, "గొలుసు బాగు చేపియ్యన్నా" అంది. భర్తతో ఒక్క మాట కూడా అనలేదు. మాట్లాడితే బస్సు దిగిపోతానని ఆమెకు తెలుసు.

బస్సు పోయాక ఇద్దరూ చెరువుకు వెళ్లి మామూలుగా రెండు చుట్లే తిరిగారు. సాయిప్రసాద్ ఏడ్చినంత పని చేసి, ఫ్లెక్సీ మీద "వెయ్యి" దగ్గర "తొమ్మిది వందల ముప్పై" అని కాగితం అతికించాడు. కింద మూలలో తన పేరు మాత్రం తీసేయవద్దని మల్లేశమే అన్నాడు. ఆ ఫ్లెక్సీ కింద నిలబడి వచ్చినవాళ్లందరికీ గొలుసు సంగతి చెప్పాడు. కొందరు నవ్వారు. కొందరు తమ పుస్తకాలు గుర్తొచ్చి మొహం మాడ్చుకున్నారు. పాల డెయిరీలో పనిచేసి రిటైరైన కర్ణాకర్ మాత్రం ఫ్లెక్సీని కిందికీ మీదికీ చూసి, "సిద్దిపేటల ఇన్ని ఫ్లెక్సీలు చూసిన గాని, తగ్గించి రాసింది గిదే ఫస్టు" అన్నాడు. మల్లేశం కూడా నవ్వాడు. ఆ నవ్వుతో గుండె మీది బరువు సగం దిగింది.

ముప్పయ్యో తారీఖు. మల్లేశం అయిదున్నరకే గేటు దగ్గర ఉన్నాడు. జగదీశ్వర్ ఎప్పుడూ పావు తక్కువ ఆరు దాటనివ్వడు. ఆరు అయింది. ఆరున్నర అయింది. ఫోను మోగుతోంది, ఎత్తడం లేదు. మల్లేశం చెరువు వైపు చూడకుండా బజారు వైపు నడిచాడు. మొదట నడిచాడు, తర్వాత పరుగెత్తాడు. అరవై తొమ్మిదేళ్ల మనిషి పాలవాళ్ల బండ్ల మధ్య నుంచి పరుగెత్తుతుంటే జనం పక్కకు తప్పుకున్నారు. ఆమెను పోనివ్వకుండా ఉండాల్సింది. తాను అసలు చెప్పకుండా ఉండాల్సింది. రద్దయిన గొలుసుకు కుంకుమ పెట్టిన ఈ చేతులు విరిగిపోను అనుకున్నాడు.

తలుపు లోపల గడియ పెట్టి ఉంది. పైన సాయిప్రసాద్ వాటాకు తాళం. నాన్న నడకకు పోయాడనుకుని దుకాణం తెరవడానికి వెళ్లిపోయి ఉంటాడు. మల్లేశం తలుపు బాదాడు. మళ్లీ బాదాడు. పక్కింటివాళ్లు బయటికొచ్చారు. మూడోసారి రెండు చేతులతో బాదుతుంటే లోపల గడియ తీసిన చప్పుడైంది.

జగదీశ్వర్ లుంగీ సర్దుకుంటూ నిలబడి ఉన్నాడు. జుట్టు రేగిపోయింది. చెంప మీద దిండు ముడతలు పడి ఉన్నాయి.

"ఏమైంది మల్లేశం? ఎవరికన్న ఏమన్నయిందా?"

"నీకేమైంది!"

"నాకేమైతది?" ఆయన వీధిలోని ఎండను చూసి కళ్లు చికిలించాడు. "టైమెంత?"

"ఏడు దాటింది."

జగదీశ్వర్ ఎండ వైపు, తన చేతి మణికట్టు వైపు, మళ్లీ ఎండ వైపు చూశాడు.

"తొమ్మిదింటికి పండుకున్న" అన్నాడు మెల్లగా. "నడుమ లేవలే. ఒక్కసారి గూడ లేవలే మల్లేశం. నాడి పట్టుకోలే."

మల్లేశం గడప మీదే కూలబడ్డాడు. నోటికొచ్చినట్టు తిడదామనుకున్నాడు, తిట్టు రాలేదు, ఏడుపొచ్చింది. పక్కింటివాళ్లు ఏమనుకున్నా సరేనని ఏడ్చాడు. జగదీశ్వర్ వచ్చి పక్కన కూర్చుని భుజం మీద చేయి వేశాడు. ఆ చేయి వెచ్చగా ఉంది.

కొంతసేపటికి జగదీశ్వర్ లోపలికి వెళ్లి నడక పుస్తకం తెచ్చుకున్నాడు. తారీఖు వేసి, మైళ్ల గడిలో సున్న పెట్టాడు. నడవని రోజుల్లో కారణం రాసుకునేందుకు చివర ఒక గడి ఉంది. పైన వాన, జ్వరం, పెండ్లి, మళ్లీ వాన అని ఉన్నాయి. వాటి కింద, తొందర లేకుండా, దుకాణం బోర్డు రాసినంత పెద్ద అక్షరాలతో రాశాడు.

నిద్ర పట్టింది.